చుట్టరికమునకు వెల కట్టరాదు

స్వస్థలమును విడిచి పొరుగు రాష్ట్రమున స్థిరపడిన కుటుంబములకు ఆస్తి రెండు విధములు. ఇల్లు, స్థలము, బ్యాంకులోని నిలువ మొదటి ఆస్తి. అర్ధరాత్రి ఆపద వచ్చినచో సంకోచింపక తలుపు తట్టదగిన ఇండ్లు ఎన్ని ఉన్నవో అది రెండవ ఆస్తి. మొదటి దానికి పత్రములున్నవి, రిజిస్ట్రారు కచేరి ఉన్నది, కోర్టులున్నవి. రెండవ దానికి మన మాట, మన నడవడి తప్ప వేరొక రక్షణ లేదు. దానిని పెంచుకొనుటకే పెద్దలు తెలుగు సంఘములను నెలకొల్పిరి. ఆ రెండవ ఆస్తిని నేడు గొలుసుకట్టు వ్యాపారులు తమ పెట్టుబడిగా వాడుకొనుచున్నారనియు, సంఘములు చూచియు చూడనట్లుండుట తగదనియు ఈ వ్యాసమున చెప్పదలచితిని. ఈ మాటలు కొందరికి కటువుగా తోచవచ్చును. నేను ఎస్.ఎస్.ఎల్.సి. వరకే చదివి, ఒక కర్మాగారపు కార్యాలయమున ముప్పది యేండ్లకు పైగా లెక్కలు వ్రాసిన గుమాస్తాను. నాకు తెలిసిన విద్య జమాఖర్చు ఒక్కటే. దానితోనే ఈ విషయమును పరిశీలింతును.

హెబ్బగోడి వంటి ఊరిలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యము కలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము కర్ణాటకమున తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 6 మంది. ఆనేకల్లు తాలూకాలో తెలుగు నిన్న మొన్న వచ్చిన భాష కాదు. తరతరములుగా ఇచ్చటనే సేద్యము చేసికొన్న తెలుగు కుటుంబములు కలవు. వారి తరువాత బొమ్మసంద్ర పారిశ్రామికవాడకును, ఎలక్ట్రానిక్ సిటీకిని పనుల కొరకు అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు జిల్లాలనుండి వచ్చి స్థిరపడినవారు అనేకులు. 2025 ఆగస్టులో మెట్రో రైలు పసుపు మార్గము బొమ్మసంద్ర వరకు వచ్చినది; దారిలో హెబ్బగోడికిని స్టేషను ఏర్పడినది. ఇట్టి చోట కొత్తగా దిగినవాడు పక్కింట తెలుగు మాట విన్నంతనే "మీది ఏ ఊరండీ?" అని అడుగును. ఆ ఒక్క ప్రశ్నతో సగము చుట్టరికము కలియును. రెండవ నాటికి "అన్నయ్యగారు", "వదినగారు" అను పిలుపులు మొదలగును. గొలుసుకట్టు వ్యాపారము ఆ పిలుపునే వెదకుకొనుచు వచ్చును.

దాని పద్ధతి మనలో చాలమందికి ఎరుకయే. వదినగారు ఒక సాయంకాలము వచ్చి, పిల్లల చదువులు అడిగి, కాఫీ త్రాగి, లేవబోవుచు "నెలకు కొంచెం అదనంగా ఆదాయం వస్తే ఎలా ఉంటుంది వదినా?" అందురు. ఆ వచ్చు ఆదివారము ఏదో హోటలు హాలులో మీటింగు ఉండును. కోటు తొడిగిన యువకుడొకడు తెల్లబోర్డుపై వృత్తములు గీయును. పైన మీరు, క్రింద మీరు చేర్చినవారు, వారి క్రింద వారు చేర్చినవారు. సబ్బు, పళ్ళపొడి, ప్రోటీను డబ్బాల మాట అయిదు నిముషములు. వృత్తముల మాట రెండు గంటలు. వెండి, బంగారము, వజ్రము అని మెట్లకు పేర్లు. కొత్త కారు తాళపుచెవి, విదేశయాత్ర ఫోటోలు, లేచి నిలిచి చప్పట్లు. అది మొదలు కంపెనీ వార్తలు ప్రతి నెల ఫోనుకు వచ్చుచుండును: ఎవరు ఏ మెట్టు ఎక్కిరి, ఎవరికి ఎంత చెక్కు అందినది, ఎవరి పుట్టినరోజు వేడుక ఎట్లు జరిగినది. వారు కంపెనీని "మన ఫ్యామిలీ" అందురు.

ఆ వార్తలలో ఎన్నడును అచ్చుపడని శీర్షిక యొకటి కలదు. ఈ నెల ఎందరు మానివేసిరి? ఎందరి ఇండ్లలో సరకు అమ్ముడుపోక మిగిలినది? ప్రయాణములకును, మీటింగుల టిక్కెట్లకును ఒక్కొక్కరికి ఎంత వ్యయమైనది? జమ మాత్రమే చూపి ఖర్చు చూపని చిట్టాను ఏ ఆడిటరును అంగీకరింపడు. పచారి కొట్టు నడుపు శెట్టిగారు కూడ అట్టి చిట్టాను నమ్మరు. మనము మాత్రము చప్పట్ల మోతలో నమ్ముచున్నాము.

అమ్మకమును నేను నిందించుట లేదు. వస్తువును ఇంటికి తెచ్చి అమ్ముట మనకు కొత్త కాదు. మలారము భుజమున వేసికొని మన అమ్మమ్మల కాలమున ఇంటింటికి తిరిగిన గాజుల శెట్టి చేసినది ప్రత్యక్ష విక్రయమే. అతడు అరుగుమీద కూర్చుండి, చేతికి సరిపోవు గాజులు తొడిగి, డబ్బు పుచ్చుకొని, ఆశీర్వదించి వెళ్ళెడివాడు. "అమ్మా, మీరొక మలారము కొని, మీ చెల్లెండ్ర చేత ఒక్కొక్క మలారము కొనిపింపుడు" అని అతడెన్నడును అడుగలేదు. అతని లాభము గాజులలో ఉండెను. గొలుసుకట్టు వ్యాపారమున లాభము వస్తువు దాటి, చేరిన మనుష్యుల లెక్కలోనికి పోవుచున్నది. గాజులు కొన్న ఇల్లాలికి గాజులు మిగిలెను. ఇచ్చట చేరిన ఇల్లాలికి మరి కొందరిని చేర్చవలసిన పని మిగులును.

ఇక కూడికలకు వత్తము. ఒకరు 6 గురిని చేర్చవలెను, ఆ 6 గురిలో ఒక్కొక్కరు మరి 6 గురిని చేర్చవలెను అని బోర్డుపై వ్రాసిరనుకొందము. మొదటి అంచెలో 6, రెండవ దానిలో 36, మూడవ దానిలో 216, నాల్గవ దానిలో 1,296, అయిదవ దానిలో 7,776. ఇచ్చటికి బోర్డు నిండును. ఉపన్యాసకుడు దానిని తుడిచివేయును. తుడువక ముందుకు సాగినచో పదవ అంచెలో చేరవలసినవారు 6,04,66,176 మంది. 2011లో కర్ణాటక రాష్ట్రమంతటి జనాభా 6,10,95,297. అనగా ఉయ్యాలలోని పసిబిడ్డలతో సహా రాష్ట్రమంతయు ఆ ఒక్క అంచె నింపుటకే సరిపోవును. పదకొండవ అంచెకు మనుష్యులను ఎచ్చటనుండి తేవలెను?

గొలుసు అంత దూరము పోనక్కరలేదు. అది ఏ అంచెలో ఆగినను, ఆ చివరి అంచెలో నిలిచినవారు మొత్తము సభ్యులలో ఆరింట అయిదు వంతులుందురు. వారి క్రింద ఎవరును లేరు. అందరును అందలమెక్కినచో మోయువారెవరు అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఓడినవానితో "నీవు కష్టపడలేదు, నీకు నమ్మకము చాలలేదు" అని వేదికపైనుండి చెప్పుదురు. వాని లోపమేమియు లేదు, గుణకారము అట్లున్నది. వందల కుటుంబములు మాత్రమే గల ఒక భాషా సమూహమున నాల్గవ అంచె నిండకముందే తెలిసిన ముఖములన్నియు అయిపోవును. కావున మహానగరమున ఆలస్యముగా తెలియు నష్టము మనవంటి చిన్న సమూహమున త్వరగా తెలియును, లోతుగా తగులును.

"మన చీటీపాటలును ఇట్టివే కదా" అని కొందరు వాదింతురు. కావు. 20 మంది కూడి 20 నెలల చీటీ వేసినచో సభ్యుల సంఖ్య మొదటి రోజుననే నిర్ణయమగును. ప్రతివానికిని ఒక్కొక్కసారి పాట అందును. చివరి నెలలో పాడువానికి తగ్గింపు లేక మొత్తము వచ్చును. చీటీ ఎగగొట్టిన దుర్మార్గులు మనలో లేకపోలేదు. అందుకే 1982లో కేంద్ర ప్రభుత్వము చిట్ ఫండ్ల చట్టమును చేసినది. కాని ఎగవేత చీటీకి పట్టిన చీడ మాత్రమే. చీటీ నియమము న్యాయమైనది. గొలుసులో ఎవరును ఎగవేయకున్నను, అందరును నియమము తప్పక నడచినను, చివరివారికి వంతు రాదు.

ఈ మాట నేనొక్కడనే అనుట లేదు. బహుమతి చీటీలను, ద్రవ్య చలామణీ పథకములను నిషేధించు చట్టము దేశమున 1978లోనే వచ్చినది. ఆమ్వే సంస్థ 1998లో భారతదేశమున వ్యాపారము ప్రారంభించినది. 2006లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు దానిపై చర్య తీసికొనగా ఆ సంస్థ హైకోర్టుకు పోయెను. 2007 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సభ్యులను చేర్చుటపై రాబడి నిచ్చు ఆ పథకము ప్రాథమికముగా 1978 చట్టపు పరిధిలోనికి వచ్చునని భావించి, సంస్థ వాదమును త్రోసివేసినది. 2014 మే నెలలో కర్నూలు పోలీసులు ఆ సంస్థ భారత శాఖాధిపతిని నిర్బంధించిరి. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అదే సంస్థకు చెందిన 757.77 కోట్ల రూపాయల ఆస్తులను జప్తు చేసినట్లు ప్రకటించినది. 2019లో క్యూనెట్ వ్యవహారమున సైబరాబాదు పోలీసులు అనేకులను పట్టుకొనిరి. 2021లో మన బెంగళూరు కేంద్రముగా నడచిన ఇండస్ వివా అను సంస్థపై కేసు పెట్టి దాని ముఖ్యుని నిర్బంధించిరి. ఆరోపణ వేరు, తుది తీర్పు వేరు. సంస్థలు తమ పక్షమును తాము చెప్పుకొనుచునే ఉన్నవి. కాని తెలుగువారి ఇండ్లనుండి ఇన్ని ఫిర్యాదులు పుట్టినవన్న సంగతిని మరుగుపరచి, "ఏ చింతయు లేదు, చేరుడు" అని తోటి తెలుగువానితో చెప్పుట ధర్మమా?

"మా కంపెనీ చట్టబద్ధమైనది" అని జవాబు వచ్చును. చట్టబద్ధమైన ప్రత్యక్ష విక్రయము కలదు, నిజమే. 2021 డిసెంబరు 28న వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ప్రత్యక్ష విక్రయ నిబంధనలు వెలువడినవి. ఆ నిబంధనలు ఏమనుచున్నవో కూడ చెప్పవలెను కదా. అవి పిరమిడ్ పథకములను నిషేధించినవి. అమ్మువాడు గుర్తింపు కార్డు లేక, ముందుగా అనుమతి పొందక ఇంటికి రాకూడదు. మాట ప్రారంభించునప్పుడే, అడుగకయే, తానెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చెనో, ఏమి అమ్మవచ్చెనో స్పష్టముగా చెప్పవలెను. ఇతరులను చూపించినచో నీ సొమ్ము నీకు తిరిగి వచ్చునని ఆశపెట్టి కొనిపింపరాదు. వదినగారి హోదాలో వచ్చి కాఫీ త్రాగినవారు గుర్తింపు కార్డు చూపుట మీలో ఎవరైన చూచితిరా? చట్టమును కవచముగా ధరించువారు ముందు దాని షరతులను పాటింపవలెను.

అమెరికా తీర్పును ఎత్తి చూపువారును కలరు. 1979లో ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆమ్వే పిరమిడ్ కాదని తేల్చిన మాట వాస్తవము. కాని ఎందుచేత కాదన్నది? కొన్న సరకులో నూటికి 70 వంతులైన అమ్మివేయవలెననియు, నెలకు కనీసము 10 మంది వినియోగదారులకు అమ్మవలెననియు, మిగిలిన సరకును తిరిగి పుచ్చుకొనవలెననియు ఆ సంస్థలో నియమములున్నందున. కావున ఆ తీర్పునే ప్రమాణముగా గొందము. మిమ్ములను చేర్పవచ్చినవారిని "మీ గొలుసులో లేని, కేవలము వస్తువు బాగున్నదని కొన్న 10 మందిని చూపుడు" అని అడుగుడు. చూపినచో వారు వ్యాపారులు, గౌరవింపుడు. చూపలేనిచో వారి సరకు మీరే.

మా వీధిలోని ఒక ఇల్లాలి సంగతి చెప్పెదను; పేరుతో పనిలేదు. నెలాఖరున తన మెట్టు జారిపోకుండుటకై ఆమె తానే సరకు కొనుచు వచ్చినది. మెడలోని గొలుసు బ్యాంకులో కుదువకు పోయినది. మంచము క్రింద డబ్బాలు పేరుకొని, వాటి గడువు తేదీ దాటినది. ధననష్టము అంతటితో ఆగినచో కాలము మాన్పెడిది. ఆమె తన తోడికోడలిని, పొరుగింటి ఇద్దరిని చేర్చియుండెను. వారును నష్టపోయిరి. ఇప్పుడు వరలక్ష్మీ వ్రతమునాడు ఆమె పేరంటమునకు పిలిచినను వారు రారు; వారు పిలువనే పిలువరు. మిగిలిన వీధివారికి కూడ ఎవరైన బొట్టు పెట్టి పిలిచినచో "ఊరకే పిలిచితిరా, ఏదైన మీటింగా?" అను అనుమానము పుట్టుచున్నది. నూరేండ్ల పేరంటపు మర్యాదకు ఈ అనుమానము పట్టుట ఏ చెక్కుతో పూడును?

ఇట్టి నష్టము మనకే పరిమితము కాదు. 2008లో అమెరికాలో బయటపడిన బెర్నార్డ్ మేడాఫ్ మోసము గొలుసుకట్టు వ్యాపారము కాదు. కాని తన మతస్థులైన యూదుల నమ్మకము అతనికి మూలధనమైనది. "మనవాడు" అన్న మాటపై దానధర్మ సంస్థలు సైతము సొమ్ము అప్పగించి మునిగినవి. అల్ప సంఖ్యాకులు ఎచ్చటనున్నను ఒకరినొకరు త్వరగా నమ్ముదురు. నమ్మక గత్యంతరము లేదు. ఆ నమ్మకము మన బలము. దానిని కాపాడువారు లేనిచో అదియే మన బలహీనత.

మరి ఇంత తెలిసియు మనవారు ఏల చేరుచున్నారు? దీనికి జవాబు చెప్పకున్నచో నా వాదము అర్ధవాదమే. మొదటి కారణము లేమి. ప్రైవేటు కర్మాగారములలో జీవితము వెళ్ళబుచ్చినవారికి 1995 ఉద్యోగుల పింఛను పథకము క్రింద వచ్చునది స్వల్పము; 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. ఆ సొమ్ముతో మందుల చీటీ కూడ తీరదు. కాంట్రాక్టు పనివానికి అదియు సందేహమే. అట్టివానికి "ఇంట కూర్చుండి రాబడి" అను మాట తేనెవలె తోచుట వింత కాదు. రెండవ కారణము ఇంతకన్న ముఖ్యమైనది. ఇరువది యేండ్లుగా మన సభలకు వచ్చుచున్న ఇల్లాలిని సంఘము కుంకుమ పంచుటకు, పూలు కట్టుటకు తప్ప వేదికపైకి పిలువలేదు. కంపెనీ పిలిచినది. మైకులో తన పేరు ఆమె మొదటిసారి అచ్చట విన్నది. ఆమె పుట్టినరోజు సంఘమునకు తెలియదు, కంపెనీకి తెలియును. కొత్తగా దిగిన యువకుని గదికి సంఘపు కార్యదర్శి పోలేదు, గొలుసువారు పోయిరి. మనము వదలిన చోటును వారు ఆక్రమించిరి. ఆ చోటును తిరిగి పొందక, వారిని తిట్టుటవలన ఫలము లేదు.

కావున సంఘముల పెద్దల ఎదుట నాలుగు ప్రతిపాదనలు ఉంచుచున్నాను. మొదటిది: సంఘపు సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు గల పట్టికను ఏ వ్యాపారమునకును ఈయరాదు, ఇచ్చినవారు పదవిలో ఉండరాదు. రెండవది: ఉగాది, సంక్రాంతి సభల వేదికపై సభ్యులను చేర్చు ప్రసంగములను, ఏ వేషమున వచ్చినను, అనుమతింపరాదు, అట్టి కంపెనీల విరాళముతో పందిరి వేయుటకన్న పందిరి లేక ఎండలో కూర్చుండుట మేలు. మూడవది: నిజముగా వస్తువు అమ్మదలచిన మన ఇల్లాండ్రకు, అది ఊరగాయ కానిండు, చీర కానిండు, కంపెనీ సబ్బు కానిండు, పండుగనాడు ఒక బల్ల ఈయవలెను, ధర పైకి వ్రాసి, రసీదు ఇచ్చి, అందరి ఎదుట అమ్ముకొననీయవలెను. దానికి మనమందరము కొనుగోలుదారులమగుదము. నాల్గవది: నెలకొక ఆదివారము ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు కూర్చుండి, ఎవరైన ఒప్పంద పత్రము తెచ్చినచో చదివి, లెక్క వేసి చెప్పవలెను, నష్టపోయినవారిచేత జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయించి, ఫిర్యాదు వ్రాసి పెట్టవలెను. నా కలము, నా కళ్ళద్దములు ఈ పనికి సిద్ధముగా ఉన్నవి.

గొలుసులలో చేరియున్న సోదర సోదరీమణులకు ఒక్క మనవి. మీపై నాకు ద్వేషము లేదు. మీలో పెక్కుమంది మొదట మోసపోయి, పోయినది రాబట్టుకొనుటకై ఇతరులను పిలుచుచున్నారు. మీ చిట్టా మీరే వ్రాసికొనుడు. ఒక సంవత్సరపు జమ ఒక ప్రక్క. సరకు, ప్రయాణము, టిక్కెట్లు, ఫోను, వడ్డీ మరియొక ప్రక్క. దాని క్రింద మరియొక గీత గీసి, ఈ సంవత్సరమున మీ ఇంటికి రాక మానిన వారి పేర్లు వ్రాయుడు. ఆ పేర్లను చూచిన పిమ్మట కూడ లాభమే కనబడినచో మీ దారిన మీరు పొండు. కాని ఆ తరువాత మా గడప త్రొక్కునప్పుడు మీ గుర్తింపు కార్డు మెడలో వేసికొని రండు. వదినగారుగా వచ్చినచో కాఫీ ఇత్తుము. వ్యాపారిగా వచ్చినచో ధర అడుగుదుము. రెండును ఒకేసారి కావలెనన్నచో మా ఇంట ఇక చెల్లదు.